మాస్టర్, స్లేవ్

మాది గంభీరావుపేట మాదిగవాడ. మా బాపు చెప్పులు కుట్టేటోడు, మోట బొక్కెనలు కుట్టేటోడు. కరెంటు మోటార్లు వచ్చినంక మోటలు పోయినయి. అయినా బొక్కెన కారితే బాపు ఏం చేసేటోడో నాకు యాదికుంది. తోలంతా తీసి పారేసేటోడు కాదు. నిండ నీళ్లు పోసి వేలాడదీసేటోడు. చుక్క ఎక్కడ పడుతుందో చూసి ఆ కుట్టు ఒక్కటే విప్పేటోడు. దీన్నే కంప్యూటర్ చదువుల ట్రబుల్ షూటింగ్ అంటరు. మా వాడల దానికి పేరు లేదు. పేరు లేదు కాబట్టి అది విద్య కాదన్నరు, కులపని అన్నరు.

2006లో సిరిసిల్లలో మూతబడ్డ ఒక ఇంటర్నెట్ సెంటర్ నుంచి పాత కంప్యూటర్ కొని తెచ్చిన. పెంటియం ఫోర్, 256 ఎంబీ ర్యామ్, 40 జీబీ డిస్కు, విండోస్ ఎక్స్‌పీ. వాడకు అదే మొదటి కంప్యూటర్. పిల్లల స్కాలర్‌షిప్ దరఖాస్తులు, కులం సర్టిఫికెట్ల అర్జీలు దాని మీదనే కొట్టినం. ఇంకొకటి కూడా దాంట్ల ఉండె. బాపు గొంతు. ఏ దెబ్బ చావుకు, ఏ దెబ్బ పెండ్లికి, ఏ దెబ్బ బోనాలకు అని డప్పు కొట్టి చూపిస్తూ ఆయన చెప్పిన ముచ్చట రెండు గంటలది. మరుసటేడు బాపు పోయిండు.

2008 ఎండాకాలంల ఒక రాత్రి కరెంటు పోతూ వస్తూ ఉంటే కంప్యూటర్ పడిపోయింది. బటన్ నొక్కితే ఫ్యాన్ తిరుగుతది, తెర నల్లగనే ఉంటది, లోపల నుంచి పొడుగు కూత పెడుతది. పట్నంల ఒక దుకాణానికి మోసుకపోయిన. దుకాణపాయన మూత కూడా విప్పలే. ఏ ఊరు, ఏ వాడ అని అడిగిండు. చెప్పిన.

"మీ వాడకు కంప్యూటర్ ఎందుకే? ఫార్మాట్ కొట్టాలె. ఉన్నదంతా పోతది" అన్నడు.

మా బాపు గొంతు ఉందన్న, డప్పు ఉందన్న.

"డప్పే కదా, మళ్ల కొట్టించుకో" అన్నడు.

పెట్టె ఎత్తుకొని ఇంటికొచ్చిన. బాపు లెక్కనే చేసిన. ఒక్కొక్కటి విప్పుడు, చూసుడు. ఆగి ఆగి పొడుగు కూత పెడుతుందంటే ఎక్కువసార్లు అది ర్యామ్ మొర. ర్యామ్ పట్టీ తీసి, దాని బంగారు రంగు అంచును పెన్సిల్ రబ్బరుతోటి రుద్ది, మళ్ల గట్టిగ కూసోబెట్టిన. ఈసారి ఒక్కటే చిన్న కూత. తెర వెలిగింది. తారీఖు ఏండ్ల వెనక్కి పోయి ఉండె. బోర్డు మీద గుండీ అసొంటి 3 వోల్టుల బ్యాటరీ అయిపోయింది, కొత్తది వేసిన. అప్పుడు 'ఎన్‌టీఎల్‌డీఆర్ ఈజ్ మిస్సింగ్' అని పడ్డది. విండోస్‌ను లేపే ఫైలు దొరుకుతలేదని దాని అర్థం. లోపలిదంతా పోయిందని కాదు. తలుపు తెరుసుకోకుంటే ఇల్లు కాలిపోయినట్టా?

డిస్కు తీసి దోస్తు కంప్యూటర్‌కు తగిలించాలె. అక్కడ ఆ రెండు మాటలు నాకు ఎదురైనయి. డిస్కు మీది కాగితంల అచ్చుకొట్టి ఉన్నయి: మాస్టర్, స్లేవ్. అంటే దొర, బానిస.

ఆ కాలపు ఐడీఈ డిస్కులు ఒక్క పట్టీ తీగకు రెండు తగిలించేటోళ్లు. ఒకటి మాస్టర్, ఇంకొకటి స్లేవ్. ఏది ఏదో తేల్చేది జంపర్. డిస్కు వెనక సూదుల మీద పెట్టే బియ్యపు గింజంత ప్లాస్టిక్ టోపీ అది. లోపలి పళ్లెం మారదు, జ్ఞాపకం మారదు, వేగం మారదు. టోపీ మారిస్తే దొర బానిస అయితడు, బానిస దొర అయితడు. ఇంకో సంగతి. మాస్టర్ స్లేవ్‌ను నడిపించదు. రెండింటికీ ఆజ్ఞలు బోర్డు నుంచే వస్తయి. పేరే దొర, పని మాత్రం ఇద్దరిదీ ఒకటే. పుట్టుకలోనే తేడా ఉందని మాకు వేల ఏండ్లు చెప్పినోళ్లు ఈ జంపర్‌ను చూడాలె. కులం కూడా ఎవడో మనకు పెట్టిన టోపీయే.

మా డిస్కును స్లేవ్ చేసి తగిలించిన. ఫోల్డర్లన్నీ కనబడ్డయి. ముందుగాల బాపు దగ్గు వినబడ్డది, తర్వాత డప్పు. దాన్ని కాపీ చేసుకున్నంకనే, అర్జీలు కాపీ చేసుకున్నంకనే ఎక్స్‌పీ కొత్తగ ఎక్కించిన.

కబురు తెలిసి పెద్దిండ్ల నుంచి పిలుపులు వచ్చినయి. ఒక ఇంట్ల మేడ మీది గది దాంక పోనిచ్చిన్రు, మిషన్ ముట్టనిచ్చిన్రు. చాయ మాత్రం ఇంటోళ్లకు స్టీలు గ్లాసుల, నాకు కాగితం గ్లాసుల. పాత రెండు గ్లాసుల పద్ధతి కాగితం తొడుక్కొని వచ్చింది. చాయ అక్కడనే పెట్టి, నా కూలి అడిగి తీసుకొని దిగిన.

ఆ మాటలు ఉట్టి మాటలే కదా అనేటోళ్లుంటరు. అమెరికాలో లాస్ ఏంజెలిస్ కౌంటీలో ఒక ఉద్యోగి ఒక మిషన్ మీద ఈ రెండు పేర్లు చూసి వివక్ష అని ఫిర్యాదు చేస్తే, 2003లో ఆ కౌంటీ ఈ పేర్లు వాడొద్దని సరఫరాదారులను కోరింది. ఎగతాళి చేసినోళ్లూ ఉన్నరు. 2020లో గిట్‌హబ్ కూడా 'మాస్టర్' అన్న పేరు తీసి 'మెయిన్' అని పెట్టుకుంది. మాటలు ఉట్టివైతే మా వాడ పేరు తిట్టెట్ల అయింది?

2023 ఫిబ్రవరిలో మా గంభీరావుపేటలో కేజీ నుంచి పీజీ దాకా ఒకే ప్రాంగణం తెరిచిన్రు. తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, కంప్యూటర్ ముందు కూసోని నొక్కుడొక్కటే నేర్చుకోకుండ్రి. మూత విప్పుండ్రి. తోలు విప్పి చూసిన జాతి మనది, లోపల ఏముందో చూడటానికి మనకు భయం లేదు.

ఐడీఈ తర్వాత సాటా డిస్కులు వచ్చినయి. ఒక్కో డిస్కుకు దాని తీగ దానిదే. మాస్టర్ లేదు, స్లేవ్ లేదు. దాంతోని కంప్యూటర్ ఆగిపోలేదు, ఇంకింత వేగంగ నడిచింది. కులం లేకుంటే ఊరు నడవదనేటోళ్లకు నేను చెప్పే జవాబు ఇదే.