తెల్లవైను, చెంబెడు నీరా



తెలుగు పండితునిగా ముప్పయ్యేళ్ళు పనిచేసినవాణ్ణి. అమరకోశంలో మద్యానికి గల పర్యాయపదాలను, సుర, మదిర, కాదంబరి, ప్రసన్న అంటూ పిల్లలచేత వల్లె వేయించాను. రుచి మాత్రం ఎరుగను.

గడచిన వైశాఖంలో కలకడ ఎండలకు తాళలేక బెంగుళూరులోని మా అబ్బాయి ఇంటికి వెళ్ళాను. ఒక సాయంకాలం వాడి స్నేహితులు వచ్చారు. బల్లమీద మూడు తెల్లవైను సీసాలు. అబ్బాయి సంకోచిస్తూనే వివరించాడు. షార్డొనే పేరు చాలామంది విన్నదే. ఇవి అంత వినబడనివట. షెనిన్ బ్లాంక్ ఫ్రాన్సులోని ల్వార్ నదీతీరపు ద్రాక్ష. ఇప్పుడు నాసిక్‌లోనూ పండుతున్నది. పులుపును నిలుపుకొంటుంది గనుక వేసవికి హితవు. వియోన్యే రోన్ నదీతీరానిది. 1960ల నాటికి దాదాపు అంతరించి, మళ్ళీ ప్రాణం పోసుకున్నది. గ్రూనర్ వెల్ట్‌లీనర్ ఆస్ట్రియాది. దానిలో మిరియపు ఘాటు ఉంటుందట. అన్నింటినీ 10 డిగ్రీలకు అటూ ఇటూగా చల్లబరచి పోయాలట.

“నాన్నా, రుచి చూడండి” అన్నాడు. షెనిన్ ఒక గుక్క పుచ్చుకున్నాను. పుల్ల ఆపిల్ వంటి పులుపు, దాని వెనుక సన్నని తేనెవాసన. ఆ తేటదనం చూచి ‘ప్రసన్న’ అన్న మాట గుర్తుకు వచ్చింది. దానితోపాటే ఒక పిల్లవాడి ముఖమూ గుర్తుకు వచ్చింది.

కల్లుగీసే ఈడిగవారి బిడ్డ వాడు. మాఘమాసంలో ఒక ఉదయం బడికి చెంబుతో నీరా తెచ్చాడు. “సున్నం పూసిన కుండలో పట్టింది సార్, పులవలేదు. మా నాయన మీకిమ్మన్నాడు” అన్నాడు. నలుగురూ చూస్తున్నారని, “బడికి కల్లు తెస్తావా!” అని గద్దించాను. తల వంచుకొని వెళ్ళిపోయాడు. ఆనాటి నుంచి నా పాఠంలో చివరి వరుసలోనే కూర్చున్నాడు.

తీపిని మద్యంగా మార్చే ఈస్టు ద్రాక్షరసంలోనూ, ఈతనీటిలోనూ ఒకే పని చేస్తుంది. పులవని నీరాలో మద్యం లేనట్టే. ఆ సీసాపైన 12.5 శాతమని అచ్చువేసి ఉన్నది. మద్యం లేనిదాన్ని తిట్టి, ఉన్నదాన్ని మెచ్చుకున్నాను. సీసాకూ, పరభాషా నామానికీ లొంగిన పాండిత్యం నాది!

మద్యాన్ని పొగడడానికి ఇది వ్రాయలేదు. దానివల్ల కూలిన ఇళ్ళను మా ఊళ్ళోనే చూచాను. ఆ పిల్లవాడు నేడు నడివయసువాడు, తండ్రి వృత్తిలోనే ఉన్నాడు. ఈసారి మాఘం రాగానే వేకువన అతని ఈతచెట్ల దగ్గరకు వెళ్ళి, చెంబు నేనే చాపాలని ఉన్నది. పోయకపోతే అదీ న్యాయమే.