బాగ్ కొండలలో రాళ్ళు చదివిన మాస్టారు

మధ్యప్రదేశ్‌లోని ధార్ జిల్లాకు వచ్చే యాత్రికులు మాండూ కోటను, బాగ్‌లోని బౌద్ధ గుహలను చూచి వెనుదిరుగుతారు. బాగ్ నుండి కుక్షీకి పోయే దారిలో ఆగేవారు అరుదు. అక్కడ పైకి కనిపించేవి రాతినేలలు, పత్తిచేలు, నడుమ నడుమ గుండ్రని రాళ్ళు మాత్రమే. కాని ఆ గుండ్లలో కొన్ని, సుమారు 6.6 కోట్ల సంవత్సరాల క్రిందట టైటనోసార్లనే మహాకాయ డైనోసార్లు పెట్టిన గుడ్లు!

ఈ వింతను లోకానికి ఎరుకపరచినవారిలో ఒకరు బడిపంతులు. ఆయన పేరు విశాల్ వర్మ. ఇదే జిల్లాలోని బాకానేర్ ఉన్నత పాఠశాలలో సైన్సు ఉపాధ్యాయుడు. పాఠాలు ముగిసిన వేళలలో ఆయన వాగులవెంట, గట్లవెంట తిరిగి శిలాజాలను వెదకారు. 2007లో మిత్రబృందంతో కలిసి కుక్షీ పరిసరాలలో వందకు పైగా గుడ్లను గుర్తించారు. ఆపైన ఢిల్లీ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు హర్ష ధీమాన్, గుంటుపల్లి ప్రసాద్‌లతో కలిసి సాగించిన అన్వేషణలో 92 గూళ్ళు, 256 గుడ్లు బయటపడ్డాయి. ఆ వివరాలు 2023లో ప్రచురితమైనాయి.

గూళ్ళు ఒకదానికొకటి మిక్కిలి చేరువగా ఉన్నాయి. అంత పెద్ద తల్లి వాటి నడుమ తిరిగితే గుడ్లు నలిగిపోక తప్పదు. కనుక తల్లులు గుడ్లను విడిచి వెళ్ళేవనీ, పిల్లలు తమంత తామే బ్రదుకు నేర్చేవనీ శాస్త్రజ్ఞుల ఊహ. పాడల్యా గ్రామం వద్ద గుడ్డులో మరొక గుడ్డు కూడ దొరికింది. అటువంటి వైపరీత్యం అంతకుముందు పక్షులలో మాత్రమే తెలుసు.

ఇదంతా తెలిసింది గూళ్ళు పెట్టినచోటనే ఉన్నందువల్ల. పెకలించి అమ్ముకున్న గుడ్డు అలంకారవస్తువు కావచ్చు. తన తోడి గుడ్లెన్నో, ప్రక్క గూడు ఎంత దూరమో అది చెప్పలేదు. నాగలి, వాన, దొంగచేయి, ఈ మూడూ ఆ సాక్ష్యాన్ని చెరపగలవు. దూరపు శాస్త్రజ్ఞుడు పని ముగించుకొని వెళ్ళిపోతాడు. వాన వెలిసిన మర్నాడు ఏ గట్టు తెగిందో చూడగలిగినవాడు ఆ ఊళ్ళలో మసలే మనిషే.

ఈ పల్లెలలో గుండ్రని రాళ్ళను కాకడ్ భైరవుడని, పొలాలకూ పశువులకూ రక్షకుడని కొలిచే ఆచారం ఉన్నది. రాయిని గౌరవించడం ఆ రైతులకు కొత్త కాదు. ఆ గౌరవానికి మరొక కారణాన్ని జోడించడమే పంతులుగారు బడి వెలుపల చెబుతున్న పాఠం.