మంచి రంపం ఉన్న ఇల్లు

రాత్రి గాలివానకి మామిడికొమ్మ విరిగి గేటుకి అడ్డంగా పడింది. పొద్దున్నే పక్కింటి బాబాయ్ పెట్రోల్ రంపంతో వచ్చి, కాసేపట్లో ముక్కలు చేసి పక్కన పేర్చేశారు.

ప్రాణం లేచొచ్చింది!

అప్పట్నుంచీ ఒకటే ఆలోచన, మా ఇంట్లోనూ ఒక రంపం ఉండాలని. ఇంటికి కావాల్సింది పెద్ద మిషన్ కాదు, అవసరానికి మొరాయించనిది.

ఇంటి పనులకి 16 అంగుళాల బార్ (గొలుసు తిరిగే పట్టీ) చాలు.
చైన్ బ్రేక్ ఉండాల్సిందే. రంపం ఎగిరి మీదికొస్తే గొలుసుని ఆపేది అదే.
పెట్రోల్‌లో టూటీ ఆయిల్ కంపెనీ చెప్పిన లెక్కనే కలపాలి. 50:1 అంటే లీటరుకి 20 మి.లీ. ఆయిల్. అది కలపకపోతే పిస్టన్ పట్టేస్తుంది.
అన్నిటికన్నా ముఖ్యం, స్పేర్‌పార్టులూ మెకానిక్కూ దగ్గర్లో దొరకాలి.

మీ ఇంట్లో ఏ రంపం ఉంది? ఎలా పనిచేస్తోంది? కాస్త చెప్పండి.
కళ్లద్దాలు, బూట్లు లేకుండా మాత్రం రంపాన్ని ముట్టుకోకండి.