గన్నవరం దారిలో చలిగాలి

కనుమ వెళ్లిన మర్నాడు, ఇంకా తెల్లవారకుండానే గవర్నర్‌పేటలో బయలుదేరాం. నాతో మా మేనకోడలు ఉంది. హైదరాబాదులో పైలట్ శిక్షణ తీసుకుంటూ పండక్కి వచ్చింది. నాకూ అక్కడ పని ఉండి ఒకే విమానానికి టికెట్లు తీసుకున్నాం. ఏలూరు రోడ్డు ఎక్కేసరికే కారు అద్దాలకు చెమ్మ పట్టింది. గుణదల దాటాక పొగమంచు బాగా చిక్కబడింది.

"పద్దెనిమిది డిగ్రీలు మావయ్యా, చిన్న విమానం పైకెక్కడానికి ఇంత మంచి గాలి దొరకడం అరుదు. దిగేటప్పుడు మాత్రం దీన్ని నమ్మకూడదు" అంది.

గాలి ఒకటే కదా, ఎక్కేటప్పుడు మంచిదైంది దిగేటప్పుడు చెడ్డదెలా అవుతుంది? రామవరప్పాడు నుంచి కేసరపల్లి దాకా ఆ మాటే నడిచింది.

తను నేర్చుకునేది సెస్నా 152 మీద. నాలుగు సిలిండర్ల లైకమింగ్ పిస్టన్ ఇంజను, 110 హార్స్ పవర్. సిలిండర్‌లోకి ఎంత చిక్కటి గాలి వెళ్తే అంత బలం. బేగంపేట రన్‌వే సముద్రమట్టానికి 1,700 అడుగుల పైన ఉంది. మే నెలలో 40 డిగ్రీల ఎండలో అక్కడి గాలి ఎంత పలచబడుతుందంటే, ఇంజను, ప్రొపెల్లర్, రెక్కలు మూడూ దాదాపు 5,000 అడుగుల ఎత్తులో ఉన్నట్టు నీరసిస్తాయి. గన్నవరం ఎత్తు సుమారు 80 అడుగులే. ఈ జనవరి ఉదయం లెక్క కడితే 400 అడుగులు వస్తుంది. అదే గన్నవరంలో మే నెల మధ్యాహ్నం 44 డిగ్రీలుంటే 3,500 దాటుతుంది.

అయితే బలం ఎక్కువైనా చూసుకోవాలి. ప్రామాణిక ఉష్ణోగ్రత కంటే ప్రతి ఆరు డిగ్రీల చలికీ ఇంజను సుమారు ఒక శాతం ఎక్కువ శక్తినిస్తుంది. మన చలికి ఆ లెక్క పెద్దగా అంటదు. అమెరికా తూర్పు తీరంలో సున్నాకు 15 డిగ్రీల కింద ఎగిరే మన పిల్లలకు మాత్రం అది ఐదు శాతం దాకా వెళ్తుంది. ఆర్‌పీఎం ముల్లు ఎప్పటి అంకె మీదే ఉన్నా, చిక్కటి గాలిని తిప్పుతున్న ఇంజను మోసే భారం పెరుగుతుంది. గాలి పెరిగిన మేరకు పెట్రోలు పెరగదు కనుక మిశ్రమం పలచబడుతుంది, సిలిండర్లు వేడెక్కుతాయి. అందుకే అలాంటి చోట టేకాఫ్‌కు మిశ్రమం మీటను పూర్తి రిచ్‌లో ఉంచుతారు. పైకి వెళ్లి నిలకడగా ఎగిరేటప్పుడు థ్రాటిల్ తగ్గించుకుంటారు.

విమానాశ్రయంలో మా విమానం ఆలస్యమన్నారు. మంచు తేలాలి. రెండో ప్రపంచయుద్ధంలో సైనిక స్థావరంగా ఉన్న నేల ఇది. 1945లో బేగంపేటలో పుట్టిన డెక్కన్ ఎయిర్‌వేస్ నడిపిన డకోటాలు గుర్తొచ్చాయి. వాటి 1,200 హార్స్ పవర్ ఇంజన్లకు సూపర్‌ఛార్జర్ ఉండేది. టేకాఫ్‌లో ఇన్‌టేక్ పీడనం 48 అంగుళాలు దాటకూడదు. తక్కువ ఎత్తులో మీటను చివరిదాకా తోస్తే ఆ గీత దాటిపోతుంది. ఆపాల్సింది పైలట్ చెయ్యే. ఆ చేతులంటే నాకు ఎనలేని గౌరవం.

ఇక దిగేటప్పటి సంగతి. కార్బురేటర్‌లో పెట్రోలు ఆవిరవుతూ చుట్టూ ఉన్న గాలిలోని వేడిని లాగేసుకుంటుంది, మట్టికుండలో నీళ్లు చల్లబడ్డట్టే. ఇరుకు గొంతులో పీడనం పడిపోవడం దానికి తోడు. రెండూ కలిసి 20 డిగ్రీలకు పైగా చల్లబరచగలవు. అంటే మన 18 డిగ్రీల గాలి ఇంజను లోపల సున్నా కిందికి పోతుంది. కాలువలు, తడి చేలు పుట్టించిన ఈ తేమంతా అక్కడ ఐసుగా పేరుకుంటుంది. దిగడానికి థ్రాటిల్ మూసినప్పుడే ప్రమాదం ఎక్కువ, ఎందుకంటే మూతకూ గోడకూ మధ్య ఉన్న సన్నటి సందు పూడిపోవడానికి కొంచెం ఐసు చాలు. వేసవి వడగాడ్పులో లేని ప్రమాదం, చక్కటి చలి ఉదయాన ఉంది!

"మరేం చేస్తావమ్మా?"

"థ్రాటిల్ తగ్గించడానికి ముందే కార్బురేటర్ హీట్ మీట పూర్తిగా లాగుతాం. సైలెన్సర్ గొట్టం చుట్టూ వేడెక్కిన గాలి లోపలికొస్తుంది. ఐసు ఉంటే ముందు ఆర్‌పీఎం పడుతుంది, ఇంజను దగ్గుతుంది, తర్వాత కోలుకుంటుంది. ఆ దగ్గుకు భయపడి మీట వెనక్కి తోసేయకూడదు మావయ్యా. కరిగిన నీళ్లు పోతున్నాయన్నమాట."

వేడిగాలి పలచన కనుక కొంత బలం పోతుంది. ల్యాండింగ్ వదిలి మళ్లీ పైకి లేవాల్సొస్తే థ్రాటిల్ నిండా తెరిచి, హీట్ మీట మూసేయాలి. అప్పుడు ఈ చిక్కటి గాలి బలమంతా మళ్లీ చేతికొస్తుంది.

తొమ్మిది దాటాక మా ఏటీఆర్ లేచింది. దానిది టర్బైన్ ఇంజను, కార్బురేటర్ గొడవ లేదు. మంచు పొర పైకి రాగానే ఎండ కొట్టింది. కింద నేల దగ్గరే చలి ఎక్కువని, కొన్ని వందల అడుగుల పైన గాలి వెచ్చగా ఉంటుందని తను చెప్పింది. దిగే విమానం ఆ వెచ్చదనంలోంచే చలితేమలోకి జారుతుంది.

శంషాబాదులో దిగగానే ఫోన్ తీసి మర్నాటి ఉష్ణోగ్రత, గాలిలోని తేమ నీటి బొట్లయ్యే మంచుబిందు ఉష్ణోగ్రత రెండూ చూసుకుంది. మధ్య తేడా పన్నెండు డిగ్రీలు. పొద్దున గన్నవరంలో రెండూ ఒకటే.