దాలి పాలు, చికాగో కుండ

మన పత్రిక చేతికి రాగానే నేను మొదట తిప్పేది వంటల పేజీ. ఈసారి నేనే వంట గురించి రాస్తున్నాను గాని, ఇది మీలో చాలామంది ఇంట్లో చేసుకునే వంట కాదు. మా ఇంట్లోనూ చేయం. పేరు వినగానే కొందరికి మొహం ముడుచుకుంటుంది. నాకూ ముడుచుకుంది. అయినా రాయాలనిపించింది. మనలో ఎందరో తల్లులు పిల్లల దగ్గరికని విమానం ఎక్కుతున్నారు కదా! ఎక్కేముందు నాకెవరైనా ఈ నాలుగు ముక్కలూ చెప్పి ఉంటే, నేను అనకూడని ఒక మాట అనకుండా ఉండేదాన్ని.

మాది బరంపురం. 1936 ఏప్రిల్‌లో ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమై గంజాం అందులో కలిసినప్పుడు మా తాతగారు ఊరు విడిచి వెళ్ళలేదు. "మనం ఎక్కడికీ పోలేదు, హద్దే మనల్ని దాటి పోయింది" అనేవారట. మా అమ్మాయి మాత్రం నిజంగానే హద్దులు దాటి పోయింది. నర్సింగు చదివి, చికాగో దగ్గర ఒక ఆస్పత్రిలో ఉద్యోగం చేస్తూ, అక్కడి అబ్బాయినే పెళ్ళి చేసుకుంది. అల్లుడుగారి పూర్వీకులు మూడు తరాల క్రితం ఇటలీ నుంచి వచ్చారు. ఆయన లోకల్ రైళ్ళ పట్టాల మరమ్మతు పనిలో ఉన్నారు. మావారూ రైల్వేలో చేసి రిటైరైనవారే కాబట్టి ఆ సంబంధానికి మా ఇంట్లో పడిన మొదటి ఓటు ఆయనదే.

2018 అక్టోబరులో నేనొక్కదాన్నే వెళ్ళి ఆరు నెలలు ఉన్నాను. మావారికి చలి పడదు.

అమ్మాయికి వారంలో మూడు నాలుగు రోజులు పన్నెండు గంటల డ్యూటీ. పొద్దున్న ఆరు గంటలకల్లా వంటింట్లో దీపం వెలిగేది. గట్టు మీద ఒక లావుపాటి కుండ. స్లో కుక్కర్ అంటారు. లోపల మట్టికుండలాగే బరువైన పింగాణీ పాత్ర, దాని చుట్టూ గోడల్లో కరెంటు తీగ, పైన గాజు మూత. అందులో మూడు పౌన్ల మాంసం ముద్ద, అంటే కిలో మూడువందల గ్రాములకు పైమాటే, ముక్కలు కూడా కోయకుండా పెట్టేసేది. నాలుగు వెల్లుల్లి రెబ్బలు, ఎండబెట్టిన ఆకుల పొడి, ఒక గ్లాసెడు ఎముకల చారు, సీసాలో ఊరబెట్టిన పచ్చని మిరపకాయలు, ఆ ఊరిన నీళ్ళతో సహా. మూత పెట్టి, 'లో' అన్నచోట మీట తిప్పి, కోటు తొడుక్కుని వెళ్ళిపోయేది. అంతే వంట. పది నిమిషాలు కూడా పట్టదు.

ఎనిమిది గంటలయ్యాక ఆ కుండ తనంత తానే వేడి తగ్గించుకుని, వెచ్చగా ఉంచుతూ కూర్చుంటుంది. రాత్రి అమ్మాయి వచ్చి, రెండు ఫోర్కులు పట్టుకుని ఆ ముద్దను అటూ ఇటూ లాగితే, పీచు పీచుగా విడిపోతుంది. పొడుగాటి బన్ను రొట్టెను చీల్చి, ఆ పీచు నింపి, మీద నూనెలో ఊరిన కూరగాయల పచ్చడి వేసి, కుండలో మిగిలిన రసంలో ముంచి తింటారు. చికాగోలో దీన్ని ఇటాలియన్ బీఫ్ అంటారు. దుకాణాల్లో అయితే మాంసం కాగితంలా పల్చగా కోసి పెడతారట; ఇళ్ళల్లో, పనిరోజుల్లో, ఇలా పీచు చేసుకుంటారు. అల్లుడుగారు చిన్నప్పుడు వాళ్ళమ్మ చేసి పెట్టినది ఇదే.

బీఫ్ అంటే ఏమిటో మీకు తెలుసు. మాది మాంసం ముట్టని ఇల్లు కాదు. చేప లేని ఆదివారం మాకు ఆదివారం కాదు, పండక్కి మేకమాంసం ఉండాల్సిందే. కాని గొడ్డుమాంసం మా గడప దాటి లోపలికి రాలేదు. అమ్మాయికి నా సంగతి తెలుసు. నాకు విడిగా గిన్నెలు, గరిటెలు, ఒక అర కొని ఉంచింది. ఒక్క మాట నొప్పించలేదు. కాని ఎనిమిది గంటలు ఉడికేదానికి ఎనిమిది గంటల వాసన ఉంటుంది కదమ్మా! చలికి కిటికీలు తీయలేం. నేను పై గదిలో తలుపు వేసుకుని కూర్చునేదాన్ని.

నవంబరులో ఒక రాత్రి అననే అన్నాను. మాంసం మాట ఎత్తడానికి మొహమాటపడి, వంటను తప్పుపట్టాను. "పొద్దున పడేసి పోయి రాత్రి తీసి పెడితే అదేం వంటే? పొయ్యి దగ్గర ఒక మనిషి నిలబడకుండా ఉడికినది కడుపుకి పడుతుందా? పసివాడికి పెట్టేది ఇదా?" అన్నాను.

అమ్మాయి ఇంకా ఆస్పత్రి బట్టల్లోనే ఉంది. ఫోర్కులు కింద పెట్టింది. గొంతు పెంచలేదు.

"అమ్మా, నువ్వు నిలబడి వండావు. నేను లెక్కల పుస్తకం పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడేదాన్ని. 'పోపు మాడిపోతుందే, తర్వాత రా' అనేదానివి. ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు. నేను ఇంటికొచ్చాక నాకున్నది గంటన్నర. ఆ గంటన్నర పొయ్యికి ఇవ్వను, వాడికి ఇస్తాను" అంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను అలా అనలేదని మొదట అనుకున్నాను. తెల్లవారేసరికి, అన్నానని జ్ఞాపకం వచ్చింది. ఆ గుమ్మం జ్ఞాపకం వచ్చింది, దాని అట్ట ఊడిన లెక్కల పుస్తకం జ్ఞాపకం వచ్చింది. తొమ్మిదిమంది ఇంటికి రెండు పూటలా వండేదాన్ని నేనొక్కదాన్నే. నా తప్పు కూడా కాదు. కాని దాని చిన్నతనం నా తీరిక కోసం ఆగదు కదా!

నాలుగు రోజులు ఇద్దరం ముభావంగా తిరిగాం. అల్లుడుగారు గ్రహించి ఉంటారు. ఒక సాయంత్రం టీ పెట్టుకుని నా పక్కన కూర్చుని ఈ కుండ కథ చెప్పారు. దీన్ని కనిపెట్టింది చికాగోవాసేనట, ఇర్వింగ్ నాక్సన్ అనే ఇంజనీరు. ఆయన తల్లిది యూరప్‌లోని లిథువేనియా, యూదుల కుటుంబం. వాళ్ళకి శనివారం పొయ్యి ముట్టించకూడదు. అందుకని శుక్రవారం పొద్దు వాలేలోగా గింజలు, మాంసం, దుంపలు కుండలో వేసి, ఊళ్ళో రొట్టెలు కాల్చే భట్టీకి పంపేవారు. భట్టీ ఆరుతూ ఉంటే ఆ మిగిలిన వేడికే రాత్రంతా ఉడికేదట. తల్లి చెప్పిన ఆ కథ మనసులో పెట్టుకుని ఆయన ఈ కరెంటు కుండ తయారు చేసి, 1940లో పేటెంటు పొందాడు. 1970లో ఇంకో కంపెనీ ఆయన వ్యాపారాన్ని కొని, 1971లో క్రాక్‌పాట్ అని పేరు మార్చి అమ్మితే, ఉద్యోగాలకు వెళ్ళే ఆడవాళ్ళు ఎగబడి కొన్నారట.

ఆయన చెబుతున్నంతసేపూ నా కళ్ళ ముందు చికాగో లేదు. మా అమ్మమ్మగారింటి పెరడు ఉంది. పెరట్లో దాలిగుంట. మీలో పెద్దవాళ్ళు చూసే ఉంటారు. గుంటలో పిడకలు పేర్చి, నిప్పు వేసి, మీద ఊక చల్లి, పాలకుండ పెట్టి మూత పెట్టేవారు. మంట ఉండదు, సన్నని పొగ. పొద్దున్న పెట్టిన పాలు సాయంత్రానికి ఎర్రగా కాగి, మీద అట్టులాంటి మీగడ కట్టేవి. ఆ తోడు పెట్టిన పెరుగు రుచి ఇప్పుడు చెప్పినా ఎవరూ నమ్మరు. ఆ దాలి దగ్గర అమ్మమ్మ నిలబడేదా? పాలు పెట్టి పొలానికి పోయేది, చుట్టాలింటికి పోయేది. మధ్యాహ్నం మమ్మల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని కథలు చెప్పేది. నాకు తెలిసిన కథలన్నీ దాలిలో పాలు కాగుతున్న వేళల్లో విన్నవే. మా అమ్మాయిని నేను ఏ మాట అన్నానో అదే మాట మా అమ్మమ్మనీ అన్నట్టయింది.

ఇంత తెలిసినా ఆ కుండ మూత తీసే ధైర్యం నాకు రాలేదు. అది 2019 జనవరి 30న వచ్చింది. బుధవారం. ఆ వేళ తెల్లవారుజామున చికాగోలో సున్నాకు ముప్ఫై డిగ్రీలు దిగువకు పడిపోయింది చలి. బడులు మూసేశారు. టపా కూడా రాలేదు. ఆస్పత్రికి, రైళ్ళకి మాత్రం సెలవుండదు కదా! అమ్మాయి మామూలుగానే కుండ పెట్టి డ్యూటీకి వెళ్ళింది. పట్టాలు మారేచోట మంచు గడ్డకట్టకుండా పట్టాల పక్కన గ్యాసు మంటలు వెలిగిస్తారక్కడ. అల్లుడుగారికి ఆ పని. ఇంట్లో నేనూ, ఏడేళ్ళ మనవడూ.

సాయంత్రం ఏడుకి అమ్మాయి ఫోను. తన తర్వాత రావలసిన నర్సు రాలేకపోయింది, తెల్లవారేదాకా కదలడానికి లేదట. "అమ్మా, వాడికి బ్రెడ్డూ జామూ పెట్టెయ్. కుండ ఆపెయ్యి చాలు, నువ్వేమీ ముట్టుకోవద్దు" అంది. నా మనసు నొప్పించకూడదని, ఆ అలసటలో కూడా!

వాడు మాత్రం కంచం పట్టుకుని కుండ ముందు కూర్చున్నాడు. "అమ్మమ్మా, ఇవాళ బీఫ్ రోజు" అన్నాడు. నేను మూత తీశాను. ఆవిరి మొహాన కొట్టింది. నేను ఒక్క క్షణం కళ్ళు మూసుకున్న మాట నిజం. వాడు కుర్చీ ఎక్కి, రెండు ఫోర్కులు నా చేతికిచ్చి, "ఒకటి పట్టుకోవాలి, ఒకటి లాగాలి" అని నేర్పాడు. బలం పెట్టాల్సిన పనే లేదు. పనసపొట్టులా దానంతట అదే విడిపోయింది. గట్టి కండ, భుజం దగ్గరిది. కండలోని జిగురంతా నిదానపు వేడికి కరిగి రసంలో కలిస్తేనే అలా అవుతుందట. మన మేక కాళ్ళ పులుసు చిక్కబడేదీ అందుకే.

వాడు రెండు రొట్టెలు తిన్నాడు. గడ్డం మీదుగా రసం కారుతూంటే తుడిచాను. తర్వాత ఏం చేయాలో నాకు తోచలేదు. మాడేది లేదు, పొంగేది లేదు. వాడు సంచి తెచ్చి లెక్కల పుస్తకం తీశాడు. ఇద్దరం బల్ల దగ్గర కూర్చుని ఎక్కాలు చేశాం. గంటన్నర. నా కూతురికి నేను ఇవ్వలేనిది దాని కొడుక్కి ఇచ్చాను. దాని కుండ చలవే.

నేను తిన్నానా అని అడుగుతారేమో. తినలేదు. చేతులు కడుక్కుని నా పెరుగన్నం నేను తిన్నాను. అర్ధరాత్రి అల్లుడుగారు కనుబొమలకు మంచు అంటుకుని వచ్చారు. కోటు కూడా విప్పకుండా నిలబడే తిని, "అమ్మా, ఎవరు చేశారు?" అన్నారు తెలుగులో. ఆయనకొచ్చిన పది తెలుగు మాటల్లో అవి మూడు. పొద్దున్న అమ్మాయి వచ్చి కడిగి బోర్లించిన కుండ చూసింది. నన్ను చూసింది. ఏమీ అనలేదు. నా భుజం మీద తల పెట్టి అలాగే నిద్రపోయింది.

తర్వాతి వారం నాకొక చిన్న కుండ కొని తెచ్చింది. అందులో నేను మొదట చేసింది దాల్మా. పెసరపప్పు, అరటికాయ, కంద, వంకాయ, చివర్న జీలకర్ర, ఎండుమిరప వేయించిన పొడి. మా అమ్మ మొదటిసారి ఇంట్లో దాల్మా చేసినరోజు మా నాయనమ్మ "ఇది మన వంటేనా?" అని కంచం తోసేసిందట. ఇప్పుడు మా ఇంట్లో దాల్మా లేని గురువారం లేదు. అది ఒరియావాళ్ళదని మా పిల్లలకు తెలియనే తెలియదు.

పిల్లల ఇళ్ళకు వెళ్ళే తల్లులకు ఆ కుండ గురించి నాలుగు జాగ్రత్తలు. ఊరికే మూత తీసి చూడకండి, తీసిన ప్రతిసారీ వేడి పోయి మరో పావుగంట, అరగంట పడుతుంది. ఫ్రీజరులోంచి తీసిన గడ్డను తిన్నగా వేయకండి, ముందురోజే ఫ్రిజ్‌లో పెట్టి మెత్తబడనివ్వాలి. రాజ్మా గింజలు నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, వేరే పొయ్యి మీద పది నిమిషాలు తెర్లించాకనే ఇందులో వేయాలి. పచ్చి గింజల్లోని విషం ఈ నిదానపు వేడికి చావదు. మిగిలినది రెండు గంటల్లోపు చిన్న గిన్నెల్లోకి తీసి ఫ్రిజ్‌లో పెట్టేయాలి.

అయిదో జాగ్రత్త కుండకి కాదు, మనకి. అందులో ఏముందో నచ్చకపోతే తినకండి, ఎవరూ బలవంతపెట్టరు. కాని దాన్ని వెలిగించి వెళ్ళిన పిల్లకి వంట రాదని, ప్రేమ లేదని మాత్రం అనకండి.

చలికాలంలో ఇక్కడ సాయంత్రం అయిదున్నరకి నేను దీపం పెట్టే వేళ, అక్కడ పొద్దున్న ఆరు. ఇప్పుడూ ఆ వేళకే ఫోను చేస్తాను. "ఇవాళ కుండలో ఏమిటే?" అని నేనే ముందు అడుగుతాను.