పది దెబ్బల తీర్పు

మనిషిని కొలవడం కంటె కష్టమైన పని మరొకటి లేదని పెద్దలు చెబుతూ ఉంటారు. గణితం బోధించే నాకు ఆ మాటలోని సత్యం ఫలక్‌నుమా గుట్ట దిగువన ఒక చిన్న పూల్ గదిలో బోధపడింది.

ఆ గుట్టకూ ఈ ఆటకూ పాత సంబంధమే. నవాబ్ వికారుల్ ఉమ్రా 1884లో కట్టడం ప్రారంభించిన ఫలక్‌నుమా ప్యాలెస్‌లో ఒక బిలియర్డ్స్ గది ఉంది. అందులోని బల్ల బరోస్ అండ్ వాట్స్ అనే ఆంగ్ల సంస్థ తయారుచేసినది. దాని జోడు బకింగ్‌హామ్ రాజప్రాసాదంలో ఉన్నదని ప్రతీతి. 2010 నుండి ఆ ప్యాలెస్ విలాసవంతమైన హోటలు. దిగువనున్న మా పిల్లలు ఆడేది మాత్రం, గంటకింత అని రుసుము చెల్లించి, పూల్ బల్ల మీద.

కొన్నేళ్ళ క్రితం కళాశాలల మధ్య పోటీకి మా తరఫున ఒక్కరిని పంపవలసి వచ్చింది. ఇద్దరు విద్యార్థులు ముందుకు వచ్చారు. పక్షపాతమన్న మాట రాకూడదని పరీక్షను నేనే రూపొందించాను. తెల్ల బంతి ఒకచోట, రంగు బంతి మరొకచోట. ఒక్కొక్కరికి పది దెబ్బలు. మొదటివాడు ఎనిమిది బంతులు పాకెట్‌లో వేశాడు, రెండవవాడు అయిదు. తీర్పు చెప్పడానికి నాకు నిమిషమైనా పట్టలేదు. ఓడిన పిల్లవాడు క్యూ కర్రను గోడకు ఆనించి, "రెండేళ్ళుగా నా ఆట చూస్తున్నారు కదా సార్, పది దెబ్బల్లో తేల్చేశారా?" అని అడిగి, సలాం చేసి వెళ్ళిపోయాడు. ఆ తరువాత చాలా వారాలు ఆ గది వైపు రాలేదు.

ఆ ప్రశ్న నన్ను నిద్రపోనివ్వలేదు. కాగితమూ పెన్సిలూ తీసుకొని లెక్క వేశాను. పదింటికి సగటున ఏడు బంతులు వేయగల ఇద్దరు సమఉజ్జీలు ఉన్నారనుకుందాం. చెరి పది దెబ్బలు కొట్టినప్పుడు, కేవలం అదృష్టవశాన వారి మధ్య మూడు బంతులు గానీ అంతకు మించి గానీ తేడా వచ్చే అవకాశం అయిదింట ఒకటికి పైగానే ఉంది! పది దెబ్బల్లో సగటుకు అటూ ఇటూ దాదాపు ఒకటిన్నర బంతి ఊగిసలాట సహజం; వంద దెబ్బల్లోనైతే అది దాదాపు నాలుగున్నర బంతులు. శాతాలలో చూస్తే మొదటిది పదిహేను, రెండవది అయిదు లోపు. తరగతిలో ఏటేటా చెప్పే పాఠాన్నే నేను మరచిపోయాను.

లోపం అంతటితో ఆగలేదు. తెల్ల బంతి ఎక్కడ ఆగిందో నేను చూడనేలేదు. పూల్ ఆటలో ఒక బంతిని వేయడం సగం విద్య. తరువాతి బంతికి అనువైన చోట తెల్ల బంతిని నిలుపుకోవడం మిగిలిన సగం.

పరీక్షలు ఎలా నిర్మించాలో చదవడం మొదలుపెట్టాను. అమెరికాలో బాబ్ జ్యూయెట్ అనే శిక్షకుడు ప్రచారం చేసిన పద్ధతి నన్ను ఆకట్టుకుంది. దెబ్బ ఫలిస్తే మరింత కష్టమైన చోటికి జరగాలి. తప్పితే సులభమైన చోటికి రావాలి. కొంతసేపటికి ఆటగాడు తన శక్తి సరిహద్దు దగ్గర, సగం ఫలించి సగం తప్పే చోట, కుదురుకుంటాడు. ఆ చోటే అతని కొలత. ఇంజనీరింగ్ ఆచార్యులు డేవిడ్ ఆల్సియాటోరే రూపొందించిన పరీక్షలలోనూ ఈ సూత్రం కనబడుతుంది.

తొమ్మిది అడుగుల పూల్ బల్ల మీద ఆటస్థలం నూరు అంగుళాల పొడవు, యాభై అంగుళాల వెడల్పు. పొడవును ఎనిమిది భాగాలు చేసే గుర్తులు అంచు చెక్క మీదనే ఉంటాయి. ఒక్కొక్క భాగం పన్నెండున్నర అంగుళాలు. ఆ గుర్తులనే మెట్లుగా తీసుకొని నాలుగు అభ్యాసాలు వ్రాసుకున్నాను: సూటి దెబ్బ, పక్కకు కోసే దెబ్బ, తెల్ల బంతిని తాకిన చోటనే నిలపడం, దానిని వెనుకకు రప్పించడం. ఒక్కొక్కదానికి ఇరవై అయిదు దెబ్బలు. అదీ మూడు వేర్వేరు రోజులలో. బంతిని నిలిపే దెబ్బ చూడడానికి తేలిక. కాని దూరం పెరిగిన కొద్దీ బల్లపై గుడ్డ ఒరిపిడికి బంతి ముందుకు దొర్లడం ఆరంభిస్తుంది. కనుక మరింత కిందుగానో, మరింత బలంగానో కొట్టాలి. నేర్పు బయటపడేది అక్కడే.

ఆ పిల్లవాడి ఇంటికి వెళ్ళి పిలిచాను. "పొరపాటు నాది బాబూ, మరొకసారి రా" అన్నాను. ఇద్దరూ వచ్చారు. సూటి దెబ్బలో మొదటివాడు ఒక గుర్తు ముందున్నాడు. తెల్ల బంతిని నిలపడంలో రెండవవాడు రెండు గుర్తులు ముందున్నాడు. నేను ప్రకటించినంత అంతరం వారి మధ్య లేనేలేదు. అప్పటికే పోటీ ముగిసిపోయింది. పోయిన అవకాశాన్ని నేను తిరిగి ఇవ్వలేకపోయాను. అతడు మాత్రం అంకెల కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకొని, "నాకేది రాదో ఇప్పుడు తెలిసింది సార్" అన్నాడు. మరునాటి నుండి దూరపు సూటి దెబ్బతోనే సాధన మొదలుపెట్టాడు.

ఈ కొలతకూ హద్దులున్నాయి. ఎదుట ప్రత్యర్థి నిలిచినప్పటి గుండెదడనూ, కొట్టకుండా అడ్డుకునే యుక్తినీ అది పట్టుకోలేదు. అందుకే పరీక్ష కాగితం కింద ఆ మాట కూడా వ్రాసి ఉంచుతున్నాను.

ఉర్దూలో కసౌటీ అన్నా, తెలుగులో గీటురాయి అన్నా ఒక్కటే. మంచి గీటురాయి బంగారం మేలిమిని తెలుపుతుందే గాని, బంగారాన్ని అరగదీయదు. రేపు ఉపాధ్యాయులుగా, అధికారులుగా ఇతరులను తూచవలసి వచ్చే ప్రియ విద్యార్థులారా! ఒక మనిషిపై తీర్పు చెప్పేముందు, మీ చేతిలోని రాయి ఎటువంటిదో ఒక్కసారి పరీక్షించుకోండి.