మొహం పక్కన జాగా

ఫొటో తీసేటప్పుడు మనవాళ్లు మొట్టమొదట అనే మాట "కొంచెం నవ్వండి". మొహాన్ని పాడుచేయడానికి ఇంతకంటే దగ్గరిదారి లేదు. అంతవరకూ హాయిగా కబుర్లు చెబుతున్న మనిషి ఆ మాట వినగానే పాస్‌పోర్టు ఆఫీసులో కూర్చున్నట్టు బిగుసుకుపోతాడు. పెదాలు సాగుతాయి, కళ్లు మాత్రం "అయిందా?" అని అడుగుతుంటాయి.

ఈమధ్య నేను తీసిన పోర్ట్రెయిట్లన్నీ ముందేసుకుని కూర్చున్నాను. ఏవి ఇప్పటికీ చూడబుద్ధవుతున్నాయో తేల్చుకుందామని. అలా మిగిలినవాటిలో నవ్వుమొహాలు తక్కువే. చాలావాటిలో మనిషి నట్టనడుమ కూడా లేడు. ఓ పక్కకు ఒదిగి ఉన్నాడు, మిగతాదంతా గోడో చీకటో.

వాటిలో ఒకటి మా పెద్దమ్మది. వీధి గుమ్మం దగ్గర పీట వేసుకుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. వెలుగంతా తలుపులోంచే. వెనక నడవ చీకటి. కెమెరాను దాని మానాన వదిలేస్తే ఆ చీకటిని లెక్కలోకి తీసుకుని ఎక్స్‌పోజర్ పెంచేస్తుంది, మొహం తెల్లగా తేలిపోతుంది. అందుకే ఒక స్టాపు తగ్గించాను. నావైపు చెంప నీడలోకి పోయి, కంటి కింద మూడు మూలల వెలుగు ముక్క మాత్రం నిలిచింది. స్టూడియోవాళ్లు లైట్లు అమర్చి సాధించే రెంబ్రాంట్ లైటింగ్ అదే. మా గుమ్మం ఊరికే ఇచ్చింది.

చూపు వెళ్లేవైపు జాగా వదలాలన్నది అందరూ చెప్పే సూత్రం. ఇక్కడ నేను ఆవిడ వీపు వైపు వదిలాను. పెదనాన్న పోయిన ఏడాది అది. "వెనకనుంచి ఎవరో లేచి వెళ్లినట్టుంది" అన్నాడు తమ్ముడు. పెద్దమ్మ మొహంలో దిగులేమీ లేదు, ధ్యాసంతా చిక్కుడుకాయల మీదే. దిగులు ఆ ఖాళీలో ఉంది. ఆవిడకు మాత్రం నచ్చలేదు. "సగం మొహం మసిబారింది, ఇదేం ఫొటోరా!" అంది.

1941 డిసెంబరులో ఒటావాలో యూసుఫ్ కార్ష్ తీసిన చర్చిల్ ఫొటో చూసే ఉంటారు. కార్ష్ ముందుకెళ్లి ఆయన నోట్లో చుట్ట లాగేశాడు, వెంటనే క్లిక్‌మనిపించాడు. ఆ చిరాకే యుద్ధకాలపు బ్రిటన్ పంతంగా లోకానికి కనిపించింది. ఆ వెంటనే తీసిన ఇంకో ఫొటోలో చర్చిల్ నవ్వుతున్నాడు. అది పెద్దగా ఎవరికీ గుర్తులేదు. కార్ష్ అడ్డొచ్చిన వస్తువును తీసేశాడంతే, మూడ్ దాని వెంట వచ్చింది.

తీసేది ఎవరన్నదీ మొహం మీద పడుతుంది. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్‌కు ఈ సంగతి తెలుసు. ఘోషా స్త్రీల కోసం 1892లో హైదరాబాదులో విడిగా స్టూడియో పెట్టి, దాన్ని ఒక ఆంగ్ల వనితకు అప్పగించాడు. పరాయి మగవాడి ఎదుట బిగుసుకునే మొహం అక్కడ కొంతైనా సడలి ఉంటుంది.

ఇప్పుడు ఫోన్లలో పోర్ట్రెయిట్ మోడ్ వచ్చింది. వెనకున్నదంతా మసకబార్చి, అప్పుడప్పుడు చెవి పక్క వెంట్రుకల్నీ మింగేస్తోంది. మనిషి ఉన్న ఇల్లు పోయాక మిగిలేది మొహం ఒక్కటే, అదీ నవ్వమన్నందుకు నవ్విన మొహం. నాకు ఆ మోడ్ గిట్టదు.

పండక్కి ఊరెళ్తే ఫ్లాష్ ఆపేయండి, లైట్లార్పి వీధి తలుపు బార్లా తీయండి. పెద్దవాళ్లను గుమ్మానికి ఓ రెండడుగుల లోపల కూర్చోబెట్టి, చేతికేదైనా పని ఇచ్చి, మీరు కాసేపు ఏమీ అనకుండా ఉండండి.